తెర పైఅంచుకు అవతల

పదకొండింటికి చెల్లెలు మాట్లాడుతుంది. పదకొండున్నరకు ఆమెను లోపలికి తీసుకుపోతారు. బయటికి వచ్చాక ఆమెకు గొంతు ఉండదు. పొద్దున లేచినప్పటి నుంచి అద్వోవా బిరాగో ఈ మూడు మాటలనూ నోట్లో గులకరాళ్లలా అటూ ఇటూ తిప్పుకుంటోంది, మింగుడు పడవు, ఉమ్మేయడానికీ లేదు. ఇప్పుడు పదీ పది. చుట్టూ గదులూ మధ్యలో అందరి వాకిలీ ఉన్న కుమాసీ ఇంట్లో, తన గదిలో, కిటికీకి వీపు పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది. డెబ్బయ్యొకటో ఏడు. కుడికన్ను మూడేళ్ల కిందటే పోయింది, ఎడమకన్ను కాగితాన్ని గొట్టంలా చుట్టి అందులోంచి చూసినట్టు చూస్తుంది, మధ్యలో ఇంత వెలుగు, చుట్టూ గోడ. ఆ ఇంత వెలుగునైనా కాపాడదామని పదిహేను రోజుల కింద కత్తి పెట్టిన డాక్టరమ్మ నెల దాకా బస్సెక్కొద్దంది, కుదుపు తగలకూడదంది. అందుకే చెల్లెలు అకువా అక్రాలో ఆసుపత్రి మంచం మీద ఉంటే తను ఇక్కడ ఉంది. అయిదు గంటల దారి. గొంతులో రాచపుండు, గొంతుపెట్టె మొత్తం తీసేస్తే మనిషి దక్కుతుందన్నారు. మనిషి దక్కుతుంది, అది చాలదా అని అందరూ అంటున్నారు. చాలు, ఎవరు కాదన్నారు, వెయ్యిసార్లు చాలు, కానీ అరవై ఆరేళ్లుగా తన చెవిలో ఉన్న ఆ గొంతు, కొద్దిగా బొంగురుగా, ప్రతి మాట చివరా నవ్వు తగిలించుకుని వచ్చే ఆ గొంతు, ఇంకో గంటన్నరలో ఈ భూమ్మీద ఎక్కడా లేకుండా పోతుంది, దాన్ని పట్టుకోవాలి, ఈ ఒక్కసారి పట్టుకోవాలి, జారిపోకుండా.

పోయిన నెల జారిపోయింది. చెల్లెలు తెర మీద కనిపిస్తూ ఏదో చెబుతూ నవ్వుతోంది, ఆమె ముఖం సరిగా ఆనక తను ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకుందామని ఏదో నొక్కింది, ఏం నొక్కిందో ఈనాటికీ తెలియదు, కిటికీ మూసుకుపోయింది, నవ్వు సగంలో తెగింది. మళ్లీ తెరవడం రాలేదు. ఫోన్ చేస్తే అందలేదు. రెండు రోజులు. ఆ రెండు రోజులూ ఆ సగం నవ్వు గదిలో వేలాడుతూనే ఉంది, తను అన్నం ముందు కూర్చుంటే ఎదురుగా, పడుకుంటే పైన. ఇంకోసారి అలా జరగకూడదని అప్పుడే అనుకుంది. చదువంటే బడిలో ఆరేళ్లే, మిగిలిందంతా పొట్లాం కాగితాల మీద, పాత పత్రికల్లో, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇంజనీర్లు పారేసిన పుస్తకాల్లో తనకు తానుగా చదువుకున్నదే. కాబట్టి ఈ కంప్యూటర్ సంగతీ చదివింది. మూడు వారాలు, భూతద్దం పెట్టుకుని, రోజుకు రెండు పేజీలు.

ఈ పాత కంప్యూటర్‌కు తేలికపాటి తెర ప్రోగ్రాం వేసి ఇచ్చింది అసాఫో బజారులో రిపేరు చేసే బొవాది. ఇందులో కిటికీలు ఒకదాని మీద ఒకటి పడవు, గచ్చులో పరిచిన పలకల్లా పక్కపక్కన సర్దుకుంటాయి, అన్నీ మీటలతోనే నడుస్తాయి, తెర మీద ఎక్కడో ఉన్న బాణాన్ని వెతుక్కునే పని లేదు, ఒంటికన్ను మనిషికి అంతకంటే ఏం కావాలి. దానికి పైన తగిలించుకునే పనిముట్టు ఒకటి ఉందని, దానికి ప్లగిన్లు పెట్టుకోవచ్చని ఆమె అడిగినప్పుడు బొవాది పకపకా నవ్వాడు. "ఎనో, అవ్వా, నీ వయసువాళ్లు ఆదివారం ప్రార్థన చూడ్డానికి తెచ్చుకుంటారు దీన్ని. నువ్వేమో నా షాపు మూయించేలా ఉన్నావ్." ముసలామెకు ఏం తెలుసులే అని ఎవరైనా అనుకుంటే వాళ్లను అలా అనుకోనివ్వడమే ఆమెకు అలవాటు, ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ముప్ఫై ఒక్క ఏళ్లు హెడ్‌ఫోన్లు చెవులకు బిగించుకుని కూర్చున్న మనిషికి తనలో దాచుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ పనిముట్టు ఏమిటో అర్థమైన రోజు ఆమె చదువుతున్న పేజీ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. దానికంతట దానికి ఏమీ తెలియదు. ఏమీ రాదు. వెనక ఎక్కడో కూర్చుని ఒక చిన్న ఫైలు చదువుకుంటుంది, అంతే. ఆ ఫైలులో పైన ఏయే ప్లగిన్లు కావాలో పేర్లు రాస్తాం, కింద ఒక్కోదానికి ఒక్కో పేరా, ఏది ఎలా ఉండాలో. ఏ పేరు రాస్తే ఆ విద్య దానికి వచ్చేస్తుంది. భూతద్దం అని రాస్తే తెరంతా భూతద్దం అవుతుంది. చెరిపేస్తే మరిచిపోతుంది, పోట్లాడదు, బాధపడదు. ఎక్కడో ఎవరో, ఏ దేశంలోనో, తన పేరు కూడా తెలియని ఎవరో ఒక మనిషి కూర్చుని, కళ్లు సరిగా ఆననివాళ్లు ఉంటారని తలుచుకుని, ఈ ముక్క రాసి ఊరికే పెట్టి వెళ్లిపోయాడు, ఎవరికి కావాలంటే వాళ్లు తగిలించుకోండని. ఆమెకు పాత స్విచ్ బోర్డు కళ్ల ముందు లేచింది, మనిషెత్తు బల్ల, వందల రంధ్రాలు, ఒళ్లో తీగల చివర ఇత్తడి ముక్కులు, ఏ ముక్కు ఏ రంధ్రంలో పెడితే అటు ఒబువాసీ, ఇటు తమాలే, ఎడమ చేతికి లేగోస్. బల్లకు ఏమీ తెలియదు. తగిలిస్తే మాట్లాడుతుంది.

లేగోస్ ఎడమ చేతికి. మొగుడు యావ్ లేగోస్ వెళ్లింది డెబ్బై తొమ్మిదిలో, పనికి, ఏడాదిలో వస్తానని, గళ్ల సంచీ భుజాన వేసుకుని, లారీ ఎక్కేముందు వెనక్కి తిరిగి తలుపు గొళ్లెం బాగు చేయించు అన్నాడు. అదే ఆఖరి మాట, గొళ్లెం. ఎనభై మూడులో నైజీరియా వాళ్లు మన ఘనా వాళ్లందర్నీ వెళ్లగొట్టినప్పుడు లక్షల మంది అవే గళ్ల సంచులతో తిరిగి వచ్చారు, పగలు ఆమె ఎక్స్ఛేంజిలో ఊళ్లో వాళ్లందరి మొగుళ్లనూ కొడుకులనూ తీగలతో కలిపి, సాయంత్రం కెజెటియా లారీ అడ్డాలో నిలబడి దిగే ప్రతి ముఖాన్నీ చూసింది, అప్పుడు రెండు కళ్లూ ఉన్నాయి, బాగా ఆనేవి. రాలేదు. పోయినవాళ్లు పోతూ పెద్ద మాటలేవీ చెప్పి పోరు, అది ఆమెకు చెవులారా తెలిసిన సంగతి, ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎన్ని ఆఖరి మాటలు తన చేతుల మీదుగా వెళ్లాయో, ఒక్కటీ ఆఖరి మాటలా ఉండేది కాదు, మేక ఈనిందా, వాన పడిందా, సరే ఉంటా. ఉంటా అనేవాళ్లు. మాట అయిందని బల్ల మీద దీపం వెలగగానే ఆమె ముక్కు లాగేసేది, ఇంకొకరు కాచుకుని ఉండేవారు.

అందుకే దాపుడు కిటికీలు ఆమెను అంత కదిలించాయి. అదీ ఒక ప్లగిన్. ఒక కిటికీకి పేరు పెట్టి, ఒక మీట ఇస్తాం. మీట నొక్కితే అది తెర పైఅంచు నుంచి మెల్లగా దిగుతుంది. మళ్లీ నొక్కితే మెల్లగా పైకెళ్లి, అంచు దాటి, కనపడకుండా పోతుంది. మొదటిసారి ఆమె ఒక రాతల కిటికీ పెట్టుకుని చూసింది. 'ఉప్పు అయిపో' వరకు రాసి మీట నొక్కింది, వెళ్లిపోయింది. తెర ఖాళీ. లేచి వెళ్లి టీ కాచుకుని తాగి, గిన్నె కడిగి, వచ్చి కూర్చుని మీట నొక్కింది. దిగింది. 'ఉప్పు అయిపో'. చివరి అక్షరం పక్కన గీత ఇంకా ఆరుతూ వెలుగుతూ, తరువాతి అక్షరం కోసం కాచుకుని. ఆమె చాలాసేపు ఆ గీతను చూస్తూ కూర్చుంది. మూసుకుపోవడం వేరు, కనపడకుండా ఉండడం వేరు అన్నమాట. పోలేదు, పైన ఉంది, తను చూడని చోట తన మాట సగంలో పట్టుకుని నిలబడి ఉంది. ఈ లోకంలో అలాంటి చోటు ఒకటి ఉందని, అది ఒక పేరాలో రాస్తే ఏర్పడుతుందని డెబ్బై ఏళ్లలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ పేజీలో ఇంకా కిందికి పోతే మరో ప్లగిన్ ఉంది, దారి తప్పి తెర అంచులు దాటి ఎటో పోయిన కిటికీలన్నిటినీ వెతికి నీ ముందుకు తెచ్చి నిలబెడుతుంది అని రాసి ఉంది. ఆమెకు దానితో పనే లేదు. అయినా ఆ పేరు కూడా రాసుకుంది. అలాంటి పేరు చూసి రాసుకోకుండా ఎలా ఉంటారు.

మూడు రోజుల కింద చెల్లెలితో మాట్లాడే కిటికీని అలా పెట్టుకుంది, ఒకటో మీట. చక్కగా దిగింది, చక్కగా ఎక్కింది. ఈ పొద్దున గొంతు పట్టి దాచే కిటికీని, రికార్డు చేసేదాన్ని, రెండో మీట మీద పెట్టుకుందామని ఫైలులో కింద ఇంకో పేరా రాసింది. పనిముట్టును ఆపి, మళ్లీ మొదలుపెట్టింది. అంతే. ఏదీ రాలేదు. ఒకటో మీట నొక్కితే లేదు, రెండు నొక్కితే లేదు, ఆఖరికి భూతద్దం కూడా లేదు, తెర మీద అక్షరాలన్నీ చీమలైపోయాయి, కింద ఎక్కడో ఎర్రగా ఒక గీత, అది తప్పేమిటో చెబుతోందని తెలుసు, ఏం చెబుతోందో కనపడదు. కొత్త పేరాలో తప్పుంటే కొత్త పేరా ఒక్కటీ పోవాలి కదా, మొత్తం ఎందుకు పోవాలి, కానీ దాని నీతి అదే, ఫైలులో ఒక్క చోట అర్థం కాకపోతే అసలు మొదలుపెట్టదు. పది పదిహేను. పది ఇరవై. వాకిట్లో పక్క వాటా కొనాదు బట్టలు ఉతుకుతూ రేడియో పెద్దగా పెట్టింది, అందులో పాస్టరు ఎవరి మీదో కేకలేస్తున్నాడు.

"కొనాదూ! ఆ రేడియో కొంచెం తగ్గిస్తావా?"

"దేవుడి మాటమ్మా అది, ఎనో! నీకు మాత్రం పుణ్యం వద్దా?"

"దేవుడికి చెవుడు లేదులే. పదకొండింటికి అకువా మాట్లాడుతుంది."

రేడియో ఠక్కున ఆగింది. తడి చేతులు తుడుచుకుంటూ కొనాదు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె రావడం కనపడదు, సబ్బు వాసన వచ్చింది. "ఇవ్వాళేనా? నేను రేపనుకున్నా. నా నోరు పడిపోనూ, ఇంతసేపూ మోగించా కదా. పిల్లల్ని బయటికి తోలనా? కోళ్లని కూడా తోలనా?"

"కోళ్లని ఉండనీ."

"ఏమైనా తింటావా? ముఖం చూడు, బూడిద రాసుకున్నట్టుంది."

"తర్వాత తింటాను, వెళ్లవే. నన్ను చదువుకోనీ."

"నీ చదువు పాడుగాను," అంటూనే కొనాదు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లింది, వాకిట్లో ఎవరినో ఉష్ ఉష్ అని కసరడం వినిపించింది.

సొరుగులోంచి చేతి భూతద్దం తీసింది. తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి, ఎర్ర గీతను అక్షరం అక్షరంగా చదివింది, ఒక అక్షరం చదివి దాన్ని నోట్లో ఉంచుకుని తరువాతి అక్షరానికి వెళ్లేది, వెళ్లేసరికి మొదటిది మరిచిపోయేది, మళ్లీ వెనక్కి. పది ముప్ఫై రెండు. చివరికి మాటలు కుదిరాయి. పంతొమ్మిదో వరుస. అకువా అనే పేరు ఇదివరకే చెప్పావు, మళ్లీ చెప్పడానికి లేదు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. ఇదివరకే ఎప్పుడు చెప్పాను? పదకొండో వరుసలో ఉన్నది అకువా, చెల్లెలు, మాట్లాడే కిటికీ. పంతొమ్మిదో వరుసలో ఉన్నది అకువా, అమ్మ, గొంతు దాచే కిటికీ, ఎందుకంటే అమ్మ ఒకసారి విన్నది మరిచేది కాదు, ఎవరు ఏ రోజున ఏ గొంతుతో ఏమన్నారో నలభై ఏళ్లయినా అప్పజెప్పేది, ఆ పనికి ఆమె పేరు కాక ఇంకెవరి పేరు పెడతారు. ఇద్దరూ బుధవారం పుట్టారు. బుధవారం పుట్టిన ఆడపిల్ల అకువా, ఇంకేమవుతుంది. అమ్మ అమ్మే, చెల్లెలు చెల్లెలే, ఒకటి రాసిన చేత్తోనే రెండోది రాస్తున్నప్పుడు అవి ఒకే పేరని ఆమెకు తట్టనేలేదు, ఇన్నేళ్లలో ఎప్పుడూ తట్టలేదు. ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. గుమ్మంలోంచి ఎవరైనా "అకువా!" అని పిలిస్తే రెండు గొంతులు ఒకేసారి పలికేవి, ఒకటి వంటింట్లోంచి, ఒకటి పెరట్లోంచి, ఒకటి బరువుగా, ఒకటి బొంగురుగా, పిలిచినవాళ్లు నవ్వి "పెద్దదాన్ని కాదు, చిన్నదాన్ని" అనేవాళ్లు. అంతే గొడవ. అంతకుమించి ఎవరికీ ఏ తికమకా లేదు. అమ్మ పోయిన నలభయ్యో రోజు కర్మ అయ్యాక బంధువులంతా వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయినప్పుడు, తనే, ఏదో పని మీద, అలవాటుగా "అకువా" అని పిలిచింది. ఒక్క గొంతు పలికింది. పెరట్లోంచి. ఆ తరువాత చాలా రోజులు తను చెల్లెలిని పేరు పెట్టి పిలవలేకపోయింది, ఏమే, ఇలా రా, ఎక్కడున్నావే అని పిలిచేది, ఎందుకు పిలవవో చెల్లెలు అడగలేదు, ఆమెకూ తెలుసు, రెండో గొంతు కోసం ఆమె కూడా ఆగి వింటూ ఉండేది.

మిషను అడుగుతున్నది అదే. ఒక్క పేరుకు ఒక్కరే పలకాలి, ఇద్దరు పలికితే నేను ఎవరిని దించాలి? తప్పు దానిది కాదు, పాపం, దానికి పెద్ద గొంతూ చిన్న గొంతూ తేడా తెలియదు కదా. ఆమెకు నవ్వు వచ్చింది, కన్ను కూడా చెమ్మగిల్లింది, చెమ్మగిల్లితే ఉన్న వెలుగు కాస్తా అలుక్కుపోతుంది, తుడుచుకుంది. ఇంటి తీర్పే ఉందిగా. పంతొమ్మిదో వరుసకు వచ్చి, అకువా పక్కన పానిన్ అని చేర్చింది, పెద్దది అని. ఏ మీట ఏ కిటికీదో రాసుకునే ఇంకో ఫైలులో, రెండో మీట దగ్గరా అలాగే చేర్చింది. పనిముట్టును మళ్లీ మొదలుపెట్టింది. ఎర్ర గీత లేదు. వేలు రెండో మీట మీద పెట్టి, నొక్కడానికి ధైర్యం చాలక ఒక్క క్షణం ఆగి, నొక్కింది. తెర పైఅంచు నుంచి నల్లటి కిటికీ నిదానంగా, గుమ్మం దిగి వచ్చే పెద్ద మనిషిలా, దిగి వచ్చి నిలబడింది. ఒకటో మీట. దాని పక్కనే తెల్లటి కిటికీ దిగింది. ఇద్దరూ. ఇద్దరూ పలికారు. ఆమె మీటల మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది, ఏదైనా తాకితే చెదిరిపోతుందేమోనన్నట్టు. ఇంత చిన్న మాట చేర్చితే ఇంత జరుగుతుందా. ఇరవై చిల్లర వరుసల కాగితం ముక్క, ఆ చివర ఎవరో తెలియని మనిషి, ఈ చివర ఒంటికన్నుతో తను, మధ్యలో ఏమీ లేదు, తీగ కూడా లేదు.

నల్లదాన్ని పైకి పంపి, తెల్లదాన్ని ఉంచుకుంది. పది యాభై తొమ్మిదికి మోగింది. భూతద్దం పెట్టుకుంటే తెరనిండా చెల్లెలి కూతురు తివా చుబుకం, తరువాత పైకప్పు, తరువాత ఆకుపచ్చ చొక్కాలో దిండుకు ఆనుకున్న అకువా.

"పెద్దమ్మా, వినపడుతోందా? ఎక్కువసేపు మాట్లాడొద్దన్నారు. అమ్మ వింటే కదా."

"ఇలా ఇవ్వవే దాన్ని, నా చేతులేం తీసెయ్యట్లేదుగా," అంది చెల్లెలు. ఆ గొంతు. పొద్దుటినుంచి తలుచుకుంటున్న గొంతుకూ దీనికీ పోలికే లేదు, తలుచుకున్నది పలచన, ఇది నిండుగా, గరగరగా, ఎండిన ఆకుల మీద ఎవరో నడుస్తున్నట్టు. "అక్కా. తిన్నావా?"

"తిన్నానే."

"అబద్ధం. నువ్వు అబద్ధం చెప్పినప్పుడు గొంతు సన్నబడుతుంది. నాకు పొద్దున్నుంచి నీళ్లు కూడా ఇవ్వలేదు, నువ్వు నాకోసం ఉపవాసం ఉన్నావంటే ఊరుకోను చెప్తున్నా."

ఆమె రెండో మీట నొక్కింది. నల్ల కిటికీ దిగింది, అందులో చెల్లెలి గొంతు చిన్న చిన్న కొండల్లా లేస్తూ పడుతూ ఎడమకు జరిగిపోతోంది, 'ఊరుకోను' ఒక పెద్ద కొండ, 'చెప్తున్నా' దాని పక్కన దిబ్బ. గొంతుకు ఒడ్డూ పొడుగూ ఉంటాయని ఆమె ఎప్పుడూ చూడలేదు, ముప్ఫై ఒక్క ఏళ్లూ చెవిలోంచి పోయినవన్నీ ఇలా కొండలేనా, అన్ని కొండలు తన మీదుగా నడిచిపోయాయా. పని చేస్తోంది. అమ్మ వింటోంది. మళ్లీ రెండో మీట నొక్కి దాన్ని పైకి పంపబోయింది, చెల్లెలి ముఖం పూర్తిగా కనపడాలని, వేలు జారి పక్క మీటను కూడా తాకింది. రెండు కిటికీలూ కలిసి పైకెళ్లాయి. అంచు దాటాయి. తెర మీద ఏమీ లేదు.

బూడిదరంగు తెర, ఖాళీ, కెజెటియా అడ్డాలో అందరూ వెళ్లిపోయాక మిగిలిన నేలలా.

"...ఇక్కడ నర్సు ఒకామె ఉందక్కా, మన ఊరిదే, మమ్పాంగ్ వైపు. నన్ను చూసి నువ్వు పాడతావా అంది. నేనన్నా, పాడేదాన్నయితే ఈ డాక్టర్లు టికెట్టు కొనుక్కుని వినేవాళ్లు కాదా, ఊరికే కోసుకుపోతారా అని. పడీ పడీ నవ్వింది పిచ్చిది. మళ్లీ వెళ్లి బయట కూర్చుని ఏడ్చిందట, తివా చూసింది."

గొంతు ఆగలేదు. ముఖం లేదు, గొంతు ఉంది. తెర మీద ఎక్కడా లేని చోటు నుంచి, పైఅంచుకు అవతల నుంచి, తెగకుండా, నవ్వు తగిలించుకుని, గదినిండా. అద్వోవా బిరాగో వేలు ఒకటో మీట మీదికి వెళ్లింది. ఒక్కసారి నొక్కితే ముఖం దిగి వస్తుంది, తెలుసు. కానీ ముఖం సాయంత్రం కూడా ఉంటుంది, రేపూ ఉంటుంది, దేవుడు చల్లగా చూస్తే ఇంకా ఎన్నో ఏళ్లు తెర మీద ఆ ముఖం నవ్వుతుంది, పెదాలు కదుపుతుంది, కాగితం మీద రాసి చూపిస్తుంది. గొంతు ఇప్పుడే ఉంది. వేలు మీట మీది నుంచి తీసేసింది. ఉన్న ఒక్క కన్నూ మూసుకుంది. మూసుకోగానే గొంతు ఇంకా దగ్గరికి వచ్చింది, వంటింటికి పెరడు ఎంత దూరమో అంత దూరంలోకి.

"అక్కా? ఏంటలా కళ్లు మూసుకున్నావ్? నన్ను చూడవేం? ఇంత దూరం నుంచి నా అందం చూపిద్దామని జుట్టు కూడా అల్లించుకున్నా."

"చూస్తున్నానే."

"ఎక్కడ చూస్తున్నావ్, కళ్లు మూసుకుని!"

"చూస్తున్నాను, అకువా. నువ్వు మాట్లాడు."